చేతులు పెట్టరాదు

మూడో బకెట్టు నీళ్లు కూడా ఎర్రగానే దిగాయి. సత్తార్ బంపరును స్టాండు మీద కొంచెం వంచి, కొబ్బరి పీచుకు సబ్బు పట్టించి, మూలమూలలా ఇంకోసారి తోమాడు. టేకులపల్లి దాటాక వచ్చే అడవి దారి మట్టి చుట్టంలా వచ్చి ఇంటివాడిలా కూర్చునే రకం. పైపైన కడిగితే పోయినట్టే ఉంటుంది. ఆరాక చూస్తే లైటు గూట్లోనూ, నంబరు ప్లేటు వెనకాలా, స్క్రూ రంధ్రాల్లోనూ ఎర్రగా కనిపిస్తుంది. దాని మీద రంగు కొడితే ఆ రంగు మట్టిని పట్టుకుంటుంది గానీ బంపరును పట్టుకోదు.

అసలు మొదటి రెండు బకెట్లు పోసింది సత్తార్ కాదు, హాతీరాం. ఆ బంపరున్న కారు అడవి దారిలో అడవిపందికి తగిలింది. బంపరు కుడి మూల పగిలి, ఆ పగుల్లో నల్లటి గట్టి వెంట్రుకలు ఇరుక్కుపోయి వచ్చాయి. నమాజు చదివే మనిషి వాటిని ముట్టుకోడని హాతీరాంకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"నువ్వు జర జరుగు సత్తార్ భాయ్. గిది నా పని" అని పటకారు పట్టుకుని ఒక్కొక్క వెంట్రుకా లాగేశాడు. సబ్బుతో కడిగాడు, మళ్లీ కడిగాడు. "బంపరు నీకొచ్చింది, పంది మాత్రం ఉరికిపోయింది. మా తండా నోట్ల మన్ను కొట్టింది" అని నవ్వాడు. సత్తార్ కూడా నవ్వాడు. వాళ్లిద్దరిదీ పాత జత. ఒకడు సాపు చేస్తాడు, ఒకడు రంగు కొడతాడు. షెడ్డు హాతీరాంది. పని ఇద్దరిదీ.

షెడ్డంటే పెద్ద షెడ్డేమీ కాదు. నాలుగు టేకు గుంజలు, పైన రేకులు, దుమ్ము రాకుండా మూడు వైపులా పచ్చ వల. ముందు కొత్తగూడెం పోయే రోడ్డు, వెనక టేకు తోట, దాని వెనక అసలు అడవి. ఈ రోజుల్లో పొద్దున పూట గాలి అటు నుంచి వస్తే ఇప్పపూల వాసన థిన్నర్ వాసనను కూడా దాటి ముక్కుకు తగులుతుంది. శ్రీరామనవమి దగ్గర పడింది. భద్రాచలం పోయే బస్సులు కిటికీల దాకా జనంతో పోతున్నాయి.

సత్తార్‌ను ఊళ్లో 'పేపరు సత్తార్' అంటారు. కొత్తవాళ్లు వార్తాపత్రిక వేసేవాడనుకుంటారు. అతను కొట్టే పేపరు వేరు. గరుకు పేపరు, నీళ్ల పేపరు, నున్న పేపరు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పేపరు కొట్టి కొట్టి బంపర్ల మీద గీతలతో పాటు తన వేళ్ల మీది గీతలు కూడా అరగదీసుకున్నాడు. రేషను దుకాణంలో మిషను అతని బొటనవేలును గుర్తుపట్టదు. తుడిచి పెట్టినా, తడిపి పెట్టినా, డీలరు నొక్కి పట్టుకున్నా ఎర్ర లైటే. భార్య అజ్మత్ బీ వచ్చి వేలు పెడితేనే పచ్చ లైటు, బియ్యం. "నువ్వు ఉన్నట్టు సర్కారుకు తెల్వదు భాయ్" అని హాతీరాం ఆటపట్టిస్తాడు.

మనిషి సన్నం. గడ్డం ఎప్పుడో నెరిసింది గానీ, పుట్టీ దుమ్ములో అది వయసు తెలుపో పని తెలుపో తెలియదు. వంగి వంగి నడుము కొంచెం ముందుకే ఉండిపోయింది. మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లో ఒక్కటి మాత్రం ఎక్కువైపోయింది ఒకప్పుడు. అదే ఇవాళ పొద్దుటి నుంచీ లోపల మెదులుతోంది.

పొద్దున ఇంట్లో చొక్కా వేసుకుంటుంటే ఎడమ భుజం పట్టేసింది. కుడిచేత్తో నొక్కుకుంటున్నాడు. పొయ్యి దగ్గర నుంచి అజ్మత్ బీ చూసి లేచి వచ్చింది. వాళ్లింట్లో మాట సగం ఉర్దూ, సగం తెలుగు.

"గుంజుతున్నదా?"

"రాత్రి అడ్డంగ పండుకున్న. అదే పోతది."

ఆమె చెయ్యి అతని భుజం మీదికి వచ్చింది. వచ్చి, జానెడు దూరంలో ఆగిపోయింది. "వెల్లుల్లి ఏసి నూనె కాచి రాస్తును గని, పనికి పోతున్నవు కద. నూనె అంటితే నీ పని ఖరాబైతది. జుమ్మా నాడు, పని లేనప్పుడు రాస్తలే" అంది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. పాలు పొంగుతాయి మంట తగ్గించు అన్నంత మామూలుగా అంది. చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

సత్తార్ సైకిలెక్కి వచ్చాడు గానీ ఆ చెయ్యి ఆగిన చోటు భుజం మీద అట్లాగే ఉండిపోయింది.

బంపరు ఆరింది. దాన్ని బోర్లించి, ఇనప కడ్డీని స్టవ్వు మీద కాల్చి, పగులు వెంబడి లోపలివైపు సన్న తీగల జాలీ పెట్టి కరిగించి అతికాడు. ప్లాస్టిక్కు కమురు వాసన లేచింది. కొత్తవాళ్లు పైనుంచి అతికి మురిసిపోతారు. వెనక గట్టిపడకపోతే మొదటి గుంతకే మళ్లీ నోరు తెరుస్తుంది. అతికిన చోట పైన పుట్టీ పూసి, అది ఎండేలోపు ఒక బీడీ కాల్చుకుందామని లేచి, భుజం గుర్తొచ్చి మానేశాడు.

పుట్టీ గట్టిపడ్డాక పేపరు అందుకున్నాడు. చదునుగా ఉన్న చోటికి చెక్కముక్క. వంపుల దగ్గర చెక్క పనికిరాదు, అక్కడ హవాయి చెప్పు అడుగు కోసి చేసిన ముక్కకు పేపరు చుట్టి రుద్దుతాడు. చెప్పు వంపుతో పాటు వంగుతుంది. ఆ నీలం చెప్పు ముక్క అజ్మత్ బీది. ఆమె చెప్పులు అరిగాక పారెయ్యనివ్వడు, మడమ వైపు కోసి తెచ్చుకుంటాడు. ఆమె నడక తేలిక కాబట్టి మడమ సమంగా అరుగుతుందట, పేపరు సమంగా పడుతుందట. ఇన్నేళ్లూ అట్లా ఎన్ని చెప్పులు కోశాడో! ఇవాళ ఆ ముక్కకు పేపరు చుడుతూ ఉంటే చెయ్యి ఆగింది. ఆమె కాలి చెప్పుకు తన పని మీద ఉన్న హక్కు ఆమె చేతికి లేదు.

ఎదురు గుంజ మీద ఎర్ర అక్షరాలు ఉన్నాయి: 'చేతులు పెట్టరాదు'. రాసింది హాతీరాం. రాయించింది సత్తార్ నోరు.

కూతురు ఇరమ్ ఇంకా నడక నేర్వని రోజులు. సత్తార్ ఖమ్మంలో ఉస్తాద్ దగ్గర పని నేర్చి, సొంతంగా చేస్తానని హాతీరాంతో కలిసిన కొత్త. మొట్టమొదట ఒంటిచేత్తో సాపు చేసిన బంపరు ఒక కాంట్రాక్టరుది. అది ప్రైమరు దాకా వచ్చిన రోజు అజ్మత్ బీ తీపి మలీదా చేసి గిన్నెతో వచ్చింది. బంపరును చూసింది. ఆమెకు బంపరు సంగతి ఏం తెలుసు? మొగుడు చేసిన మొదటి పని అని తెలుసు. పసిబిడ్డ ముఖం నిమిరినట్టు రెండు చేతులా దాన్ని నిమిరి, ఆ చేతులు తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. దిష్టంతా తన మీదికి తీసుకుంది. ఒకసారి చాలలేదు. మళ్లీ నిమిరింది, మళ్లీ విరిచింది. అప్పుడే తలంటుకుని నూనె పెట్టుకుని జడ వేసుకుని వచ్చింది కదా, కణతలు నిగనిగలాడుతున్నాయి. పది వేళ్లూ పటపటమంటే హాతీరాం కూడా "అబ్బ, భాయ్‌కి మస్తు దిష్టున్నది" అని నవ్వాడు.

సత్తార్ అది చూశాడు. చూడలేదని అనడానికి లేదు. ఎదురుగా నిలబడి చూశాడు, చూసి లోపల పొంగిపోయాడు. ఆ పొంగులో నూనె సంగతి మరిచాడు. రంగు కొట్టే ముందు ఒక గుడ్డకు థిన్నర్ తడిపి తుడిస్తే పోయేది. తుడవడం అతని పని. తుడవకుండానే హాతీరాంకు ఒప్పజెప్పాడు.

నూనె మీద రంగు నిలవదు. ముడుచుకుని పక్కకు జరిగిపోతుంది, అడుగు తేలుతుంది. ఆ సాయంత్రం కాంట్రాక్టరు వచ్చేసరికి మెరిసే ఎరుపులోంచి ఆమె వేళ్ల గుర్తులు లేచాయి. అతను నానామాటలూ అన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఖాళీ గిన్నె తీసుకుపోదామని అప్పుడే వచ్చి నిలబడింది అజ్మత్ బీ. సత్తార్ కాంట్రాక్టరు మీద పడలేక ఆమె మీద పడ్డాడు.

"నీ చెయ్యి పడ్డది ఏదన్న బాగుపడ్డదా? ఇంకోసారి నా పని మీద చెయ్యేస్తే చూడు!"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.  ఆమె తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది. గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

భాబీ ఒక్కదాన్నే అన్నట్టు ఉండకూడదు, అందరికీ వర్తించే మాటగా ఉండాలి అనుకుని మర్నాడు హాతీరాం గుంజ మీద ఆ అక్షరాలు రాశాడు. మంచికే రాశాడు పాపం. కానీ రాశాక ఆ మాట ఇంకా గట్టిపడింది.

అప్పటి నుంచి అజ్మత్ బీ షెడ్డులోకి రాలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకి పడేసిన పాత కిలోమీటరు రాయి ఒకటి షెడ్డు ముందు పడి ఉంది. భద్రాచలం అని సగం అక్షరాలు మాత్రం మిగిలాయి దాని మీద. మధ్యాహ్నం డబ్బా తెచ్చి ఆ రాయి మీద పెడుతుంది, "అజీ, డబ్బా" అని ఒక్క కేక వేస్తుంది, వెనుదిరుగుతుంది. వానైనా, ఎండైనా అంతే.

షెడ్డు ఒక్కటే అయితే సత్తార్ ఇంత కుములేవాడు కాదు. ఇంట్లో కూడా ఆ చేతులు ఆగిపోయాయి. పెళ్లైన కొత్తలో ప్రతి రంజాన్‌కూ అతను కొత్త బట్టలు కట్టుకుని నమాజుకు బయల్దేరుతుంటే ఎదురొచ్చి, చెంపలు నిమిరి, మెటికలు విరిచేది. ఆ తర్వాత విరవలేదు. అత్తరు సీసా అందిస్తుంది, టోపీ అందిస్తుంది, అంతే. ఇరమ్ పెళ్లినాడు బిడ్డకూ అల్లుడికీ కరువుతీరా మెటికలు విరిచి, అదే ఊపులో షేర్వాణీ వేసుకుని నిలబడ్డ సత్తార్ వైపు తిరిగింది. చేతులు లేచాయి. అతను ముఖం కొంచెం ముందుకు వంచాడు కూడా. చేతులు గాలిలోనే ఆగి, కొంగు సర్దుకున్నాయి.

అది అలకో, భయమో, నిజంగానే తన చెయ్యి మంచిది కాదని నమ్మిందో అతనికి తెలియదు. అడిగితే తెలిసేది. అడగడానికి సిగ్గు. తప్పు నాదే, తుడవాల్సింది నేనే అని ఒక్క మాట అనడానికి ఇన్నేళ్లు మంచి సమయం కోసం చూశాడు. పండక్కి అందామనుకున్నాడు, పెళ్లికి అందామనుకున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. ఇంటి గోడ మీద పెచ్చులూడినట్టు ఏళ్లు రాలిపోయాయి.

మధ్యాహ్నం అవుతుండగా బసవపున్నయ్య దంపతులు వచ్చారు. కారు వాళ్లది. కుసుమంచి దగ్గర మిరప వేస్తారు. తాతల నాడు కృష్ణా వైపు నుంచి వచ్చిన కుటుంబం, మాటలో ఇంకా ఆ ఒరవడి పోలేదు.

"ఏమయ్యా సత్తారూ, ఎంతవరకు వచ్చింది? నవమికి బండి కావాలి. రాములోరి పెళ్లికి పగిలిన మూతేసుకుని పోతే ఏం బాగుంటుందయ్యా?" అంటూ లోపలికి వచ్చి బంపరు మీదికి చెయ్యి చాపాడు.

"సార్, చెయ్యి..." సత్తార్ గుంజ వైపు చూపించాడు.

బసవపున్నయ్య చదివి పెద్దగా నవ్వాడు. "నా బండికి నేను చెయ్యి పెట్టకూడదా? ఇదెక్కడి చోద్యం!"

"వాళ్ల పని వాళ్లని చేసుకోనివ్వండి. అన్నిట్లో మీ చెయ్యి ఉండాలి" అంది నిర్మలాదేవి. అంటూనే భర్త భుజం మీద వాలిన పుట్టీ దుమ్మును అరచేత్తో రెండుసార్లు తట్టి దులిపేసింది. ఆమె ఆ పని చేసినట్టు ఆమెకే తెలియదు. బసవపున్నయ్యకూ తెలియదు. అతను అప్పటికే రంగు గురించి హాతీరాంను అడుగుతున్నాడు.

సత్తార్ మాత్రం ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కసారిగా ఏడుపు వచ్చినంత పనైంది. ఈ వయసులో, ఒక కారు బంపరు ముందు!

"అజీ, డబ్బా" అని రోడ్డు మీంచి కేక వినిపించింది.

పేపరు ముక్క నీళ్లలో పడేసి గబగబా బయటికి వచ్చాడు. అజ్మత్ బీ అప్పటికే తిరిగింది.

"ఇరమ్ అమ్మీ!"

ఆమె ఆగింది. అతను వెనక నుంచి పిలవడం ఆమెకు అలవాటు లేదు. ఏమైందోనని కళ్లు పెద్దవి చేసింది.

"సాయంత్రం డబ్బా నేను తేను. నువ్వే వచ్చి తీస్కపో."

"ఎందుకు? లేటైతదా?"

"కాదు. ఊకెనే. రా, చెప్త."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "భుజం తగ్గిందా?"

"తగ్గింది" అని అబద్ధం ఆడాడు.

"సరే. అసర్ నమాజైనంక వస్త" అని ఆమె ఎండలో వెళ్లిపోయింది. అప్పుడే చెప్పేస్తే ఏం పోయేది? రాయికీ షెడ్డుకూ మధ్య పది అడుగులు లేవు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతే బసవపున్నయ్య వద్దనేవాడా? కానీ బయటివాళ్ల ముందు అన్న మాటను బయటివాళ్ల ముందు వెనక్కి తీసుకునే ధైర్యం సత్తార్‌కు రాలేదు. సాయంత్రం ఎవరూ ఉండరు, తీరికగా చెబుదాం అనుకున్నాడు.

వాళ్లు వెళ్లాక డబ్బా విప్పి తిన్నాడు. చింతచిగురు పప్పు, రెండు రొట్టెలు. సగమే సయించింది. గ్యాసు పైకి తన్నుతున్నట్టుంది, ఎడమ చెయ్యి కూడా లాగుతోంది. పక్క బడ్డీ నుంచి సోడా తెప్పించుకు తాగాడు.

"హాతీరాం, ఇయ్యాల రంగు గన్ పట్టకు. రంగు రేపు కొట్టు."

"ఏంది భాయ్, సార్ తొందర పడ్తుండు కద. నేను ఇల్లందు పోయి రంగు కలిపిచ్చుకొస్త, పొద్దు మునిగెలోపు ఒక కోటు కొడ్త."

"వద్దు. మీ భాబీ వస్తది."  తర్వాతి మాట నోట్లోంచి రావడానికి దారి వెతుక్కుంది. "బంపరు మీద చెయ్యి పెట్టుమంట. పెడ్తది. ఎంతసేపన్న పెడ్తది. రేపు పొద్దుగాల నేనే థిన్నర్‌తోటి తుడ్సి ఇస్త, అప్పుడు కొట్టు."

హాతీరాం బండి తాళం చేతిలో తిప్పుతూ గుంజ మీది తన అక్షరాల వైపు చూశాడు. "పెట్టనియ్ భాయ్" అన్నాడు. "ఆ రాసింది నేనే. రేపు దాని మీద కూడ రంగు కొట్టేస్త, పో."

అతను ఇల్లందు వైపు వెళ్లిపోయాడు. షెడ్డులో సత్తార్ ఒక్కడే. రోడ్డు మీద ఎండ తెల్లగా కొడుతోంది.

నున్న పేపరుతో నీళ్లు పోస్తూ చివరి చుట్టు రుద్దాడు. రుద్దడం ఆపి, కళ్లు మూసుకుని, అరచెయ్యి బంపరు మీద ఈ చివర నుంచి ఆ చివరకు పోనిచ్చాడు. ఎక్కడ పగిలిందో, ఎక్కడ అతికిందో చేతికి తెలియలేదు. కడిగి, ఆరబెట్టి, కొత్త గుడ్డకు థిన్నర్ తడిపి తుడిచాడు. ప్లాస్టిక్కు మందు పూశాడు, అది లేకపోతే ఎంత మంచి రంగైనా తొక్కలా ఊడొస్తుంది. దాని మీద గన్‌తో ప్రైమరు కొట్టాడు. ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే చేతివేగంతో. ఎడమ చేత్తో గొట్టం పట్టుకోవడం కష్టమైంది. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. అయినా ఎక్కడా జారలేదు, పొర సమంగా పడింది. బూడిదరంగులో బంపరు ఏ మచ్చా లేకుండా నిలబడింది. ఇంత బాగా కుదిరింది మళ్లీ ఆ మొదటిదాని తర్వాత ఇదే అనిపించింది అతనికి. నిజమో కాదో గానీ, ఆమె చెయ్యి పెట్టబోయేది కాబట్టి అట్లా అనిపించి ఉంటుంది.

చేతులు కడుక్కుని, డబ్బా కడిగి మూత పెట్టి, గుంజకు ఆనించి ఉన్న పాత కారు సీటులో కూలబడ్డాడు. చెమట ఆగడం లేదు. ఎండ దెబ్బ అనుకున్నాడు. ఏం చెప్పాలో సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. తప్పు నాదే అనాలి. తుడవనిది నేను అనాలి. కాదు, అదంతా ఎందుకు, ముందు లోపలికి రా అంటే చాలు. ఆమె గడప లాంటి ఆ చోట ఆగితే, చెయ్యి పట్టుకుని తేవాలి. "ఇగో, ఇక్కడ పెట్టు చెయ్యి" అనాలి. ఆమె భయపడితే, "ఏం గాదే, తుడుస్తే పోతది, తుడుస్తే పోయేదానికే నేను..." అక్కడికి వచ్చి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఆమె మెటికలు విరుస్తుందా? బంపరుకు విరిచి, అదే ఊపులో ఇటు తిరుగుతుందా? తిరిగితే బాగుండు.

భద్రాచలం బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. వెనక టేకు తోటలో ఎండుటాకులు కదిలాయి. మరో బస్సు పోయింది. దాని హారన్ సత్తార్ వినలేదు.

సాయంత్రం అసర్ నమాజయ్యాక అజ్మత్ బీ వచ్చింది. ఎప్పుడూ లేనిది రమ్మన్నాడు కాబట్టి ముఖం కడుక్కుని, నూనె పెట్టి తల దువ్వుకుని వచ్చింది. రాయి మీద డబ్బా లేదు. షెడ్డులోకి తొంగి చూసింది. అతను సీటులో తల పక్కకు వాల్చి ఉన్నాడు. పొద్దుటి నుంచి భుజం నొప్పితో చేశాడు, కునుకు పట్టినట్టుంది అనుకుంది.

"అజీ, డబ్బా" అంది మెల్లగా.

పలకలేదు. లేపుదామా అనుకుని, నిద్ర పాడు చెయ్యడం ఎందుకని ఆ రాయి మీదే కూర్చుంది. రమ్మన్నవాడు లేచి పిలుస్తాడు కదా.

హాతీరాం రంగు డబ్బాతో వచ్చేసరికి ఆమె అట్లాగే కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"లోపలికి పోలేదా భాబీ?"

"పండుకున్నడు. పిలుస్తడని కూసున్న."

హాతీరాం నవ్వుతూ లోపలికి వెళ్లాడు. "భాయ్" అన్నాడు. వంగి చూశాడు. ఇంకోసారి పిలవలేదు. కాసేపటికి బయటికి వచ్చాడు గానీ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"భాబీ" అన్నాడు. "లోపలికి రా."

ఆమె గుంజ దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికి నడిచింది.  సీటు ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా అతని చెంపలు నిమిరింది. గడ్డంలోని తెల్ల దుమ్ము ఆమె వేళ్లకు అంటింది. ఆ చేతులు తన కణతలకు ఆనించుకుంది. పది వేళ్లూ విరిగాయి. మళ్లీ నిమిరింది, మళ్లీ విరిచింది. రావాల్సిన రంజాన్‌లన్నిటికీ కలిపి విరుస్తున్నట్టు విరుస్తూనే ఉంది. హాతీరాం గోడలేని ఆ షెడ్డులో ఎటు తిరగాలో తెలియక రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

జనం వస్తున్న అలికిడికి ఆమె లేవబోయింది.  పక్కనున్న స్టాండు వైపు చెయ్యి చాచి, అందినదాన్ని పట్టుకుని లేచింది.

మూడో నాడు బసవపున్నయ్య వచ్చాడు. సత్తార్ పోయిన విషయం అతనికి అప్పటికే తెలిసి ఉంది. హాతీరాం చేతిలో థిన్నర్ సీసా, గుడ్డ ఉన్నాయి. ఎప్పటి నుంచి అట్లా నిలబడి ఉన్నాడో, గుడ్డ తడిపి కూడా లేదు. బంపరు పై భాగంలో, ప్రైమరు మీద, నూనె మెరుపు.

"తుడుస్తే పోతది సార్" అన్నాడు హాతీరాం. "భాయ్ నేనే తుడుస్త అన్నడు. నాకు... నాకు చేతులొస్తలేవు. నేను వేరే బంపరు తెచ్చి బిగిస్త, ఒక వారం టైమియ్యుండ్రి."

బసవపున్నయ్య దగ్గరికి వచ్చి చూశాడు. అలవాటు చొప్పున చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"తొందరేం లేదులేవయ్యా" అన్నాడు. "నవమికి మేం బస్సులో పోతాం."

హాతీరాం సీసాకు మూత బిగించి పక్కన పెట్టాడు. గుంజ మీద ఎర్ర అక్షరాలు ఉన్న చోట నిన్ననే కొట్టిన తెల్ల రంగు ఇంకా పచ్చిగా ఉంది. స్టాండు కింద నీళ్ల గిన్నెలో నీలం చెప్పు ముక్క మునిగి ఉంది. స్టాండు మీద బంపరు, బూడిదరంగు మీద ఒక అరచెయ్యి, ఐదు వేళ్లు.